ఆడిటరు గారి ఆఫీసులో లోకల్ ప్రాక్సీ: ఒక కేస్ స్టడీ

2023 జూన్‌లో విజయవాడ గవర్నరుపేట నుంచి ఒక ఆడిటరు గారు ఫోను చేశారు. "ఇన్‌కమ్ టాక్స్ సైటు కొడితే ఇంకేదో వస్తోంది నాయనా, వైరస్ పట్టినట్టుంది, ఒకసారి వచ్చి చూడు" అన్నారు. ఆ ఫోనే చివరికి లోకల్ ప్రాక్సీ దాకా, అంటే కంప్యూటరులోనే కూర్చుని దాని తరఫున బయటితో మాట్లాడే ప్రోగ్రాము దాకా, తీసుకెళ్ళింది. ఆ ఆఫీసులో వైర్లు లాగిన రోజు నుంచీ నెట్‌వర్కు పని నాదే. 7 డెస్క్‌టాప్‌లు, ఆడిట్లకు బయటికి తీసుకెళ్ళే 4 ల్యాప్‌టాప్‌లు, ఒక స్విచ్చి, ఒక రౌటరు, వీధి చివర కేబుల్ ఆపరేటరు ఇచ్చిన ఫైబర్ కనెక్షను. పెద్ద ఆఫీసేమీ కాదు. అయితే ఆ గదుల్లో ఊళ్ళో సగం మంది వ్యాపారుల లెక్కలు ఉంటాయి.

జరిగింది ఇది. ఆర్టికల్‌షిప్ (సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ) చేస్తున్న కుర్రాడు ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్ చిరునామా టైపు చేస్తూ రెండు అక్షరాలు తారుమారు చేశాడు. లేని చిరునామా కొడితే సైటు దొరకలేదని చెప్పి బ్రౌజరు ఊరుకోవాలి. ఇక్కడ మాత్రం ప్రకటనల పేజీ ఒకటి తెరుచుకుంది. అందులో మొదటి లింకు 'మీ రీఫండ్ స్టేటస్ చూసుకోండి'. అసలే సీజను, టేబుల్ మీద ఫైళ్ళ గుట్ట. కుర్రాడు లింకు నొక్కి, కనబడిన పెట్టెలో క్లయింటు పాన్ నంబరు కొట్టేశాడు. తరువాతి పెట్టె మొబైల్ నంబరు అడిగింది. అక్కడ అనుమానం వచ్చి పక్కవాళ్ళను పిలిచాడు.

వైరస్ లేదని అరగంటలో తేలింది. నా సొంత ల్యాప్‌టాప్‌ను వాళ్ళ స్విచ్చికి తగిలించి, నోటికి వచ్చిన అక్షరాలతో ఒక చిరునామా కొట్టాను. అదే ప్రకటనల పేజీ వచ్చింది. జబ్బు కంప్యూటర్లలో లేదు, దారిలో ఉంది.

దారిలో ఎక్కడ?

సైటు పేరు చెబితే దాని నంబరు (కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కునే ఐపీ చిరునామా) చెప్పే డీఎన్‌ఎస్ అనే ఏర్పాటును 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. 1987 నాటి ప్రమాణమే ఇప్పటికీ దానికి పునాది. అడిగే ప్రశ్నను ఎవరికీ కనబడకుండా దాచాలన్న ఆలోచన ఆ రోజుల్లో లేదు. 53వ పోర్టు (ఒక్కో రకం పనికి కేటాయించిన నంబరు తలుపు) మీద ప్రశ్న పోస్టుకార్డు ముక్కలా వెళుతుంది, జవాబూ అలాగే వస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళు చదవనూవచ్చు, దిద్దనూవచ్చు. లేని పేరు అడిగితే 'అలాంటి పేరు లేదు' అన్న జవాబు రావాలి. దాన్ని తీసేసి ఒక ప్రకటనల సర్వరు నంబరు చేతిలో పెడితే, టైపింగ్ తప్పులన్నీ ఎవరికో ఆదాయం అవుతాయి. ఇక్కడ జరుగుతున్నది అదే.

ఆపరేటరుకు ఫోను చేస్తే అక్కడి కుర్రాడు "పైనుంచే అలా వస్తోందండీ" అన్నాడు. ఆ పైన ఎవరున్నారో అతనికీ తెలియదు.

ఇలాంటప్పుడు అందరూ చేసే మొదటి పని రౌటరులో డీఎన్‌ఎస్ నంబరు మార్చడం. నేనూ అదే చేశాను, ఉచితంగా దొరికే ఒక పెద్ద సర్వరు నంబరు ఇచ్చాను. ఏమీ మారలేదు. ఇక్కడ చాలామంది రౌటరు పాడైందని కొత్తది కొంటారు. కొనే ముందు చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది, ఖర్చు లేనిది. 192.0.2.1 అనే నంబరు పుస్తకాల్లో, పత్రాల్లో ఉదాహరణగా రాసుకోవడానికి పక్కన పెట్టిన వరుసలోది. ఆ నంబరులో ప్రపంచంలో ఎక్కడా ఏ సర్వరూ ఉండదు. కమాండ్ కిటికీ తెరిచి, ఒక బ్యాంకు సైటు నంబరు చెప్పమని ఆ లేని సర్వరును అడిగాను. మామూలుగా అయితే కాసేపు ఎదురుచూసి, జవాబు రాలేదని చెప్పాలి. రెప్పపాటులో జవాబు వచ్చింది!

ఇల్లే లేని చిరునామాకు ఉత్తరం వేస్తే తిరుగు టపాలో జవాబు వచ్చినట్టు. అంటే దారిలో ఎవరో 53వ పోర్టు మీద వెళ్ళే ప్రతి ప్రశ్ననూ, పైన ఎవరి పేరు రాసినా సరే, పట్టుకుని తామే జవాబు రాస్తున్నారు. సర్వరు నంబరు మారిస్తే ఒరిగేది ఏమీ లేదు. ప్రశ్నకే కవరు వేసి అంటించాలి.

ఆడిటరు గారికి ఇదంతా మాటల్లో చెబితే తల ఊపి ఊరుకుంటారని తెలుసు. ఆయనకు కాగితం కావాలి. స్విచ్చిలో మిర్రర్ పోర్టు (స్విచ్చి గుండా పోయేదానికి నకలు ఇచ్చేది) పెట్టి, పది నిమిషాల సేపు ఆఫీసు నుంచి బయటికి వెళ్ళిన డీఎన్‌ఎస్ ప్రశ్నలు మాత్రం పట్టుకుని, సైట్ల పేర్లు వరుసగా అచ్చు తీసి ముందు పెట్టాను. అలవాటు కొద్దీ ఆకుపచ్చ పెన్ను తీసి, ఓచర్లు సరిచూసినట్టు ఒక్కొక్క వరుసకూ టిక్కు పెడుతూ చదివారు. జీఎస్టీ పోర్టల్, టిక్కు. బ్యాంకు, టిక్కు. ఇంకో బ్యాంకు. క్రికెట్ స్కోర్లు, ఒకసారి గది బయటికి చూసి మళ్ళీ టిక్కు. పెళ్ళి సంబంధాల సైటు. ఉద్యోగాల సైటు. ఆ తరువాత కిడ్నీ జబ్బులకు పేరున్న ఒక ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల పేజీ. అక్కడ పెన్ను ఆగింది. ఆ పేజీ ఎవరు తెరిచారో కాగితం మీద లేదు, అయినా ఆయనకు తెలిసినట్టుంది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, "ఇదంతా ఆ కేబుల్ వాళ్ళు చూస్తారా?" అన్నారు. చూస్తున్నారో లేదో నేను చెప్పలేను కానీ, చూడాలనుకుంటే చూడవచ్చన్నాను. "మూసెయ్" అన్నారు.

ఏది పెట్టాము, ఎందుకు

డీఎన్‌ఎస్ ప్రశ్నలకు కవరు వేసే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వెబ్ సైట్లకు తాళం వేసే టీఎల్‌ఎస్ మీద నడిచే డీఓటీకి 2016లో ప్రమాణం వచ్చింది, అది 853వ పోర్టు మీద నడుస్తుంది. పోర్టు వేరుగా ఉంది కాబట్టి ఆపాలనుకున్నవాళ్ళకు ఆపడం సులువు. 2018లో వచ్చిన డీఓహెచ్ మామూలు వెబ్ రద్దీలో కలిసి 443 మీదే వెళుతుంది. వీటికంటే ముందు నుంచీ ఉన్నది డీఎన్‌ఎస్‌క్రిప్ట్. ఇవాళ పేరున్న బ్రౌజర్లు చాలావాటిలో డీఓహెచ్ ఉంది, మీట నొక్కితే చాలు. ఇంట్లో ఒక్క కంప్యూటరు వాడుకునేవాళ్ళకు నేనూ అదే చెబుతాను, ప్రాక్సీల జోలికి పోవద్దంటాను.

ఈ ఆఫీసు సంగతి వేరు. ఇక్కడ నెట్ వాడేది బ్రౌజరు ఒక్కటే కాదు. ట్యాలీ, రిటర్నులు తయారుచేసే యుటిలిటీలు, డిజిటల్ సంతకం సాఫ్ట్‌వేర్లు, మెయిలు, అన్నీ పేర్లు అడుగుతూనే ఉంటాయి. బ్రౌజరు మీట వాటికి పనికిరాదు. విండోస్ 11లో వ్యవస్థ మొత్తానికి డీఓహెచ్ ఉంది, విండోస్ 10లో లేదు, ఇక్కడున్న వాటిలో ఎక్కువ భాగం 10. అందుకని డీఎన్‌ఎస్‌క్రిప్ట్-ప్రాక్సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాను. ఫ్రాంక్ డెనిస్ రాసినది, సోర్సు బయటే ఉంటుంది. కంప్యూటరులోనే 127.0.0.1 అనే లోపలి చిరునామాలో కూర్చుని 53వ పోర్టు మీద చెవి పెట్టి ఉంటుంది. ఏ ప్రోగ్రామైనా పాత పద్ధతిలోనే ప్రశ్న అడుగుతుంది, అది వైరు దాకా వెళ్ళకముందే ఇది పట్టుకుని, తాళం వేసి బయటి సర్వరుకు పంపుతుంది.

ఒక్క సర్వరులో పెట్టి ఆఫీసు మొత్తాన్ని దానివైపు తిప్పితే నాకు పని తగ్గేది. అయితే ల్యాప్‌టాప్‌లు క్లయింటు గోడౌనులోనో, హోటలు వైఫైలోనో ఉన్నప్పుడు వాటికి దిక్కుండదు. ఎక్కువ భయం ఉన్నదే అక్కడ. పైగా కంప్యూటరు నుంచి సర్వరు దాకా ఆఫీసు వైర్ల మీద ప్రశ్న మళ్ళీ కార్డు ముక్కే. 11 కంప్యూటర్లలోనూ విడివిడిగా పెట్టాను. రెండు పూటల పని.

కవరు తెరిచి చదివే చివరి సర్వరు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ఆపరేటరుకు కనబడకుండా చేసి, దేశం బయట ఇంకెవరికో మొత్తం జాబితా అప్పగిస్తే ఏమి బాగుపడ్డట్టు? దీనికి ఈ సాఫ్ట్‌వేర్‌లో 2019 నుంచి ఒక ఏర్పాటు ఉంది. ప్రశ్నను తాళం వేసి ముందు ఒక రిలేకు పంపుతారు. రిలేకు మన చిరునామా తెలుస్తుంది, లోపలి ప్రశ్న తెలియదు. రిలే దాన్ని సర్వరుకు అందిస్తుంది. సర్వరుకు ప్రశ్న తెలుస్తుంది, ఎవరు అడిగారో తెలియదు. ఇద్దరూ కుమ్మక్కైతే తప్ప రెండు ముక్కలూ ఒకచోటికి రావు. అందుకే రిలే ఒకరిది, సర్వరు ఇంకొకరిది ఉండేలా చూసుకోవాలి. కొందరు రెండూ ఒకే సంస్థవి పెట్టుకుని ధీమాగా ఉంటారు, చూశాను.

దీనివల్ల మొదటిసారి తెరిచే సైటు కాస్త ఆలస్యమవుతుంది. ఒకసారి తెలిసిన జవాబును ప్రాక్సీ కాసేపు గుర్తుంచుకుంటుంది కాబట్టి, రోజూ అవే నాలుగు పోర్టళ్ళు తెరిచే ఆఫీసులో ఆ ఆలస్యం ఎవరికీ తగల్లేదు. లేని చిరునామా కొడితే మాత్రం మొదటి రోజు నుంచే 'సైటు దొరకలేదు' అన్న పేజీ వచ్చింది. ఆర్టికల్ కుర్రాడు కావాలని నాలుగైదుసార్లు తప్పుగా కొట్టి చూసుకున్నాడు.

వికటించినవి

పెట్టిన మర్నాడు మిర్రర్ పోర్టులో మళ్ళీ చూస్తే 53వ పోర్టు మీద ఇంకా ప్రశ్నలు పోతున్నాయి. తక్కువే, కానీ పోతున్నాయి. తప్పు నాది. విండోస్‌లో పాత రకం ఇంటర్నెట్ చిరునామాల (ఐపీవీ4) వైపు మాత్రమే డీఎన్‌ఎస్ మార్చాను. రౌటరు కొత్త రకం చిరునామాల (ఐపీవీ6) మీద తన సొంత డీఎన్‌ఎస్ నంబరును అందరికీ ప్రకటిస్తూనే ఉంది. ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి పెట్టినట్టయింది. ప్రాక్సీని ::1 (ఐపీవీ6లో 127.0.0.1 లాంటి లోపలి చిరునామా) మీద కూడా వినమని చెప్పి, అన్నిటిలోనూ ఐపీవీ6 డీఎన్‌ఎస్‌ను అటే తిప్పాను. లోకల్ ప్రాక్సీ పెట్టి, బ్రౌజరులో ఏదో పరీక్ష పేజీ ఆకుపచ్చగా రాగానే సంబరపడేవాళ్ళకు ఈ ఒక్క మాట చెప్పాలి: బయటి వైరు మీద చూడనిదే నమ్మవద్దు. పరీక్ష పేజీ అడిగిన ప్రశ్న ఏ తలుపు నుంచి వెళ్ళిందో అదే చెబుతుంది, మిగతా తలుపుల సంగతి దానికి తెలియదు.

రెండోది నవ్వు తెప్పించేది, ఇప్పుడు. లోపలి గదిలో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది, స్కానరు కోసం ఉంచారు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక దానిలో ఒక్క సైటు కూడా తెరుచుకోలేదు. పక్క కంప్యూటర్లు బాగానే ఉన్నాయి. ప్రాక్సీని ఆపి మళ్ళీ నడిపాను, తీసి మళ్ళీ పెట్టాను, లాభం లేదు. చివరికి లాగ్ (ప్రోగ్రాము తను చేసినవి రాసుకునే ఫైలు) చదివితే, సర్వర్ల సర్టిఫికెట్లు (తామెవరో రుజువు చూపే పత్రాలు) చెల్లవు, వాటి కాలం ఇంకా మొదలు కాలేదు అని ఉంది. తెర మీద కింది మూలన చూశాను: 1 జనవరి 2009. మదర్‌బోర్డు మీది నాణెం సైజు 2032 సెల్లు చచ్చిపోయింది. కరెంటు పోగానే గడియారం పుట్టిన రోజుకు వెళ్ళిపోయింది. తేదీ తప్పైతే సర్టిఫికెట్లు చెల్లవు, సర్టిఫికెట్లు చెల్లకపోతే పేర్లకు నంబర్లు రావు, నంబర్లు రాకపోతే విండోస్ తన టైమ్ సర్వరును వెతుక్కోలేదు, టైమ్ సర్వరు దొరకకపోతే తేదీ సరికాదు. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు అన్న తీరు.

టైమ్ సర్వరు పేరుకు నంబరును ప్రాక్సీలోనే రాసిపెట్టి ఉంచవచ్చు, దానికి వీలుంది. ఆ నంబరు ఎప్పుడైనా మారితే మళ్ళీ నేనే రావాలి. కొత్త సెల్లు వేయించాను. గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలిపి ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న కంపెనీలకూ సేవలు అందించే సంస్థలకూ ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. అది లాగ్‌లలో తేదీలు సరిపోలడం కోసం అనుకుంటాం. తాళాలు పడాలన్నా తెరుచుకోవాలన్నా గడియారమే ఆధారమని ఆ రోజు ఆ సెల్లు చెప్పింది.

మూడోది నవ్వు తెప్పించేది కాదు. బయటి సైటు తన పేరుకు లోపలి నంబరును జవాబుగా ఇచ్చి, మన బ్రౌజరు చేతనే మన రౌటరు మీద దాడి చేయించే ఎత్తుగడ ఒకటి ఉంది. రీబైండింగ్ అంటారు. దాన్ని అడ్డుకోవడానికి, 192.168 తోనో 10 తోనో 127 తోనో మొదలయ్యే నంబర్లు జవాబులో వస్తే పారేయమని ప్రాక్సీలో రాశాను. మంచి జాగ్రత్తే. జూలైలో ఒక రోజు మధ్యాహ్నం రెండింటికి ఫోను వచ్చింది. ఒక కాంట్రాక్టరు క్లయింటు టెండరు, మూడు గంటలకు గడువు. అతని డిజిటల్ సంతకం టోకెన్ (సంతకం దాచి ఉంచే యూఎస్‌బీ పుల్ల) ఆడిటరు గారి సొరుగులోనే ఉంటుంది, మన ఊళ్ళో అది మామూలే. టోకెన్ పెట్టి, పిన్ కొట్టి, సంతకం మీట నొక్కితే 'సంతకం చేసే సర్వీసు నడవడం లేదు' అంటోంది. సర్వీసు నడుస్తూనే ఉంది, గడియారం పక్కన దాని బొమ్మ కనబడుతోంది. నేను వెళ్ళేసరికి రెండుసార్లు తీసి మళ్ళీ ఎక్కించారట. గోడ గడియారం రెండున్నర దాటింది.

వెబ్ పేజీ కంప్యూటరులోనే ఉన్న ఆ సర్వీసుతో మాట్లాడాలి. తాళం ఉన్న (హెచ్‌టీటీపీఎస్) పేజీని తాళం లేని చోటుతో బ్రౌజరు మామూలుగా మాట్లాడనివ్వదు, కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళు ఒక బయటి పేరు తీసుకుని, దానికి సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆ పేరుకు 127.0.0.1 అని జవాబు వచ్చేలా పెట్టుకున్నారు. నా నియమం ఆ జవాబును నిజాయితీగా చెత్తబుట్టలో వేస్తోంది. ప్రాక్సీ అడ్డుకున్న వాటి జాబితాలో ఆ పేరు వరుసగా ఇరవైసార్లు కనబడింది. 127 వరుసను తీసేసి, 192.168, 10 వరుసలను ఉంచి, ప్రాక్సీని మళ్ళీ నడిపితే సంతకం పడింది. మూడుకు ఇంకా ఎనిమిది నిమిషాలుంది. కాంట్రాక్టరు నాకు కొబ్బరి బొండం తెప్పించాడు. నేనే పెట్టిన గొళ్ళెమని ఆడిటరు గారితో ఆ సాయంత్రం చెప్పాను, కాంట్రాక్టరుతో చెప్పలేదు.

ఆ తరువాత నియమం పెట్టుకున్నాను. ఏ ఆఫీసులో ప్రాక్సీ పెట్టినా, వెళ్ళేముందు అక్కడున్న ప్రతి టోకెన్‌తోనూ ఒక ఉత్తుత్తి సంతకం చేయించి చూస్తాను.

పెట్టకుండా వదిలేసినది

ఇంతవరకు పేర్లకే కవరు వేశాం. "పేజీల్లోని ప్రకటనలు, మన వెంట పడే ట్రాకర్లు కూడా ఇక్కడే ఆపలేవా?" అని ఆడిటరు గారు అడిగారు. దానికి పాత నేస్తం, ప్రివాక్సీ అనే వెబ్ ప్రాక్సీ ఉంది. ఇంటర్నెట్ జంక్‌బస్టర్ అనే 1990ల నాటి సాఫ్ట్‌వేర్ నుంచి పుట్టినది, 8118వ పోర్టు మీద కూర్చుంటుంది. నెమ్మది బ్రాడ్‌బ్యాండ్ రోజుల్లో నా కంప్యూటరులో ఏళ్ళ తరబడి నడిచింది. వెబ్ అంతా తాళం లేని హెచ్‌టీటీపీ మీద ఉన్నప్పుడు అది పేజీని లైను లైనుగా చదివి, ప్రకటనలు కోసేసి, ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే హెడ్డరును చెరిపేసి, సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి మన దగ్గర దాచే కుకీలను వడగట్టి ఇచ్చేది. ఇవాళ పేజీలు తాళం వేసి వస్తున్నాయి. ప్రివాక్సీకి కనబడేది ఫలానా సర్వరుతో 443 మీద గొట్టం వేయమన్న మాట ఒక్కటే. ఆ గొట్టం వేయాలా వద్దా అన్నది తప్ప, లోపల పోయేది దాని చేతిలో లేదు.

2020 చివర్లో వచ్చిన 3.0.29 నుంచి గొట్టం లోపలికి చూసే వీలు కూడా ఇచ్చారు. దానికి మన కంప్యూటరులోనే ఒక చిన్న సర్టిఫికెట్ అథారిటీని (సర్టిఫికెట్లు జారీచేసి పూచీ పడేది) తయారుచేసి, దాన్ని నమ్మమని బ్రౌజరుకు చెప్పాలి. అప్పుడు ప్రతి సైటుకూ ప్రివాక్సీ తనే అప్పటికప్పుడు ఒక సర్టిఫికెట్ పుట్టించి బ్రౌజరుకు చూపిస్తుంది, అవతల అసలు సైటుతో తను విడిగా మాట్లాడుతుంది. నా ల్యాప్‌టాప్‌లో వారం నడిపాను. బాగా పనిచేసింది. ఒక సాయంత్రం నా బ్యాంకు సైటు తెరిచి తాళం బొమ్మ నొక్కితే, సర్టిఫికెట్ ఇచ్చినవారి చోట నేను పెట్టిన పేరే ఉంది. బ్యాంకుకు పూచీ నేనట! నా పాస్‌వర్డు నా డిస్కు మీద నడిచే ఒక ప్రోగ్రాము గుండా విప్పిన ఉత్తరంలా పోతోంది. ఆ అథారిటీ రహస్య తాళంచెవి ఒక ఫోల్డరులో మామూలు ఫైలు. దాన్ని ఎవరైనా కాపీ చేసుకుంటే, నేను వెళ్ళే దారిలో ఎక్కడైనా కూర్చుని ఏ సైటునైనా నాకు నకిలీగా చూపించవచ్చు, నా బ్రౌజరు కిమ్మనదు.

ఇది ఉత్త భయం కాదు. లెనోవో 2014లో అమ్మిన కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉండేది. అది సరిగ్గా ఇలాంటి లోకల్ ప్రాక్సీయే. పైగా అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే తాళంచెవి పెట్టారు. దానికి వేసిన పాస్‌వర్డు, ఆ అడ్డుకట్ట భాగాన్ని తయారుచేసిన కంపెనీ పేరే, కొమోడియా. 2015 ఫిబ్రవరిలో అది బయటపడి గగ్గోలైంది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో లెనోవో రాజీకి రావలసి వచ్చింది. ప్రివాక్సీ అలాంటిది కాదు, తాళంచెవి ఎవరిది వారే తయారుచేసుకోవాలి, అసలు సైటు సర్టిఫికెట్‌ను కూడా సరిచూస్తుంది. అయినా 11 కంప్యూటర్లలో, అదీ వందల మంది బ్యాంకు లాగిన్లు నడిచే చోట, 11 తాళంచెవులకు కాపలా కాయడం నా వల్ల కాదు. వద్దన్నాను.

ప్రకటనలను ఆపడానికి తాళం పగలగొట్టనక్కర్లేదు కూడా. బ్రౌజరు తన తాళం తను విప్పుకున్నాక లోపలే వడగట్టే ఎక్స్‌టెన్షన్ ఉంటే చాలు, యూబ్లాక్ ఆరిజిన్ వేశాను. ఫైర్‌ఫాక్స్‌లో 2020 నుంచి ఉన్న హెచ్‌టీటీపీఎస్-మాత్రమే మీట కూడా నొక్కి పెట్టాను, తాళం లేని సైటుకు వెళ్ళేముందు అడుగుతుంది. ట్రాకర్లుగా పేరుపడ్డ సర్వర్లను డీఎన్‌ఎస్ ప్రాక్సీ జాబితాలోనే చేర్చాను, అది పేరు దగ్గరే ఆపుతుంది. పాత అలవాటు వదలక ప్రివాక్సీని నా సొంత కంప్యూటరులో ఇప్పటికీ ఉంచుకున్నాను, గొట్టం విప్పకుండా.

మనం ఎవరమో తెలియకుండా దారులు మళ్ళించే టార్ నెట్‌వర్కు గుండా పంపితే ఇంకా భద్రం కదా అని కుర్రాడు అడిగాడు. సొంత పాన్ నంబరుతో లాగిన్ అయ్యే పోర్టల్‌కు ముసుగు వేసుకుని వెళ్ళడం ఎందుకన్నాను. గుమ్మంలోనే ఆపి ప్రశ్నిస్తారు.

ఇంకా కనబడేది

ఆడిటరు గారికి పని అప్పగించేటప్పుడు ఒక పేజీ రాసిచ్చాను, దాచకుండా. టీఎల్‌ఎస్ కనెక్షను మొదలయ్యేటప్పుడు బ్రౌజరు తాను వెళ్ళే సైటు పేరును మొదటి పలకరింపులో బాహాటంగానే చెబుతుంది. ఆపరేటరు పట్టుబట్టి చూస్తే ఆ పేరు ఇంకా దొరుకుతుంది. డీఎన్‌ఎస్‌కు తాళం వేయడం వల్ల జవాబులు మార్చడం ఆగింది, తేరగా వచ్చే జాబితా ఆగింది, అంతవరకే. ఆ పలకరింపును కూడా మూసే ఈసీహెచ్ అనే పద్ధతి ఆ ఏడాది చివర్లో బ్రౌజర్లలోకి వచ్చింది. సైటు వైపూ అది ఉండాలి. అన్నిటికంటే ముందు, అవతలి సర్వరుకు మన ఐపీ నంబరు తెలుస్తూనే ఉంటుంది.

"మరి ఇది వీపీఎన్ కాదా? వాళ్ళు మన వివరాలు 5 ఏళ్ళు దాచాలని ఏదో వచ్చిందే" అన్నారు ఆయన. అదీ ఆ 2022 ఆదేశాల్లోదే. వీపీఎన్ సేవ, అంటే మన రద్దీ మొత్తాన్ని తాళం వేసి తమ సర్వర్ల గుండా తిప్పే సేవ, అమ్మేవాళ్ళకు వర్తించే మాట అది. మన కంప్యూటరులో మన కోసం నడిచే ప్రోగ్రాము ఎవరికీ సేవ అమ్మదు.

ల్యాప్‌టాప్‌లతో ఇప్పటికీ తంటానే. హోటలు వైఫైలో లాగిన్ పేజీ రావాలంటే హోటలు చెప్పిన డీఎన్‌ఎస్ వినాలి. సిబ్బంది ప్రాక్సీని పక్కన పెట్టి లాగిన్ అవుతారు, మళ్ళీ పెట్టడం మరిచిపోతారు. ఆగస్టులో చూస్తే నాలుగింటిలో రెండు పాత పద్ధతికి వెళ్ళిపోయి ఉన్నాయి. గంట తరువాత దానంతట అదే తిరిగి పెట్టుకునేలా చిన్న స్క్రిప్టు రాశాను.

సెప్టెంబరులో మరోసారి పిలిచారు. టీ తాగాక తలుపు దగ్గరకు వేయించి అడిగారు. "ఆ రోజు కాగితం ఒకటి తీసిచ్చావే, ఎవరు ఏ సైటు చూస్తున్నారో. అలాంటిది ప్రతి కంప్యూటరుకూ విడిగా నెలకొకటి తీయవచ్చా? పనివేళల్లో ఏం చేస్తున్నారో కాస్త తెలుస్తుంది."

తీయవచ్చు. అదే ఇబ్బంది. సంతకం గొడవప్పుడు తప్పు వెతకడానికి నేను ప్రాక్సీలో ప్రశ్నల లాగ్ తెరిచి పెట్టాను. అది మూయడం మరిచిపోయాను. రెండు నెలలుగా ప్రతి కంప్యూటరులో ఒక ఫైలు పెరుగుతూ ఉంది, ఎన్ని గంటలకు ఏ పేరు అడిగారో సహా. కేబుల్ వాళ్ళ దగ్గర ఉండగలదని మనం భయపడిన జాబితా, ఇంతకంటే చక్కగా, మన సీ డ్రైవులోనే ఉంది. ఆ మాటే చెప్పాను. ఆ రోజు మీరు చింపేసిన కాగితం కూడా ఇందులో ఉంటుందన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత సొరుగులోంచి ఆకుపచ్చ పెన్ను తీసుకుని లేచారు. ఇద్దరం కలిసి ఒక్కొక్క కంప్యూటరు దగ్గరికీ వెళ్ళాం. నేను లాగ్ మూసి, ఫైలు చెరిపి, చెత్తబుట్ట ఖాళీ చేసి చూపిస్తే ఆయన టిక్కు పెట్టారు. పదకొండోది లోపలి గదిలోని పాత డెస్క్‌టాప్. టిక్కు పెట్టే ముందు వంగి, తెర కింది మూలన తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకున్నారు.